ఇద్దరికీ ఒకే నోరు

మేమిద్దరం విడిపోదామని అనుకున్నాక మా మధ్య వచ్చిన పేచీ ఒక్కటే. లాయరుని పెట్టుకోవాలా, అక్కర్లేదా?

మిగతా విషయాల్లో పేచీ పడదామన్నా చోటు దొరకలేదు. మాకు పిల్లల్లేరు. అడిగినవాళ్ళందరికీ అదే కారణమని తోచింది గానీ, విడిపోవడానికి అది కారణం కాదు. పొలం పుట్రా లేవు. సాలూరులో మేమున్నది అద్దె ఇల్లు. ఆమె తన పుట్టినూరు భావనపాడు వెళ్ళిపోయే ముందు, ఒక ఆదివారం పొద్దున్న నేల మీద కూర్చుని సామాన్లు పంచుకున్నాం. గ్రైండరు ఆమెకి, కుక్కరు నాకు. మడతమంచం దగ్గర మాత్రం చాలాసేపు మర్యాదలు నడిచాయి. నువ్వు పట్టుకెళ్ళు అంటే, నువ్వుంచుకో అని. చివరికి తేలిందేమిటంటే, ఆ మంచమంటే ఇద్దరికీ మొదట్నుంచీ పడదు. అవతలివాళ్ళకి ఇష్టమేమో అనుకుని ఇరవయ్యేళ్ళు ఇద్దరం దాని మీద నడుములు పాడుచేసుకున్నాం. పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం.

ఎందుకెళ్తున్నావని నేను అడిగితే ఒక్క ముక్క చెప్పింది. "నీ కతల్లో కాపరం సెయ్యనేను మావా." నేను నవ్వేశాను. అప్పటికి అది నాకు మెచ్చుకోలులాగే వినబడింది.

వెళ్ళిన ఏడాదిన్నరకి ఫోన్ చేసింది. ఊళ్ళో ఎండుచేపల వ్యాపారం పెట్టుకుంది, బాగానే సాగుతోంది. కానీ ఏ ఆఫీసుకెళ్ళినా, ఏ కార్డులో పేరు రాయించుకోబోయినా, భర్త పేరేమిటి, ఆయన సంతకమేదీ అంటున్నారట. పెద్దమనుషుల ముందు ఒక మాట అనేసుకుంటే వాళ్ళ ఊరివరకూ చాలు గానీ, ఆఫీసులకి చాలదు. కోర్టు కాగితం కావాలి.

"లాయర్నెవుర్నైనా సూద్దుమా?" అంది.

నేను వద్దన్నాను. వద్దనడానికి నా దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. వాళ్ళ అప్ప, అంటే ఆమె అక్క. ఆ అప్పా, బావా కూడా మాలాగే మంచిగా విడిపోదామనుకుని బయల్దేరినవాళ్ళే. చెరొక లాయరు వచ్చాడు. ఆవిడ పదేళ్ళ కిందట విసిరిన చెంబు ఒక కాగితంలోకి ఎక్కింది. ఆయన ఎప్పుడో తాగొచ్చి అత్తగారిని అన్న మాట ఇంకో కాగితంలోకి ఎక్కింది. అలా ఏడేళ్ళు. ఇప్పుడు ఇద్దరూ ఒకే సంతలో చేపలమ్ముతారు. బావ ఎదురొస్తే అప్ప వెనక్కి తిరిగి నిలబడుతుంది. ఆయన దాటేదాకా కొనేవాళ్ళు ఆమె వీపుతోనే బేరమాడుకోవాలి.

"మనకలాగ అవకూడదు" అన్నాను.

"అవకూడదు" అంది ఆమె వెంటనే. "కోర్టు మెట్లు దిగినాక కూడా, ఎదురుపడితే ఏటి బాగున్నావా అని అడగాల. నాకదొక్కటే కావాల."

నాకు కావలసిందీ అదే. పెళ్ళి పోతే పోయింది, పలకరింపు మిగలాలి. అందుకే, మనకీ మనకీ మధ్య మూడో నోరు ఎందుకే, అన్నాను.  "ఊఁ, నీ ఇష్టం" అంది. ఆ ఊఁ ఎలాంటిదో నేను పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఊఁ అంటూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.

మా లారీ ఆఫీసులో పెద్ద డ్రైవరు ఒకాయన నా ఉద్దేశం విని నోట్లో చుట్ట తీసేశాడు. "లాయరు నేకుండా కోర్టుకెల్తావేట్రా? క్లీనరు నేకుండా ఘాటీ ఎక్కినట్టే. బండి ఎనక్కి జారితే సక్రం కింద సెక్క పెట్టీవోడెవుడు?"

నేను ఎక్కడం లేదు బాబూ, దిగుతున్నాను, అన్నాను.

"బ్రేకులు పోయేది దిగినప్పుడే" అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. సాలూరు లారీల ఊరు. నేను అక్కడ ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తాని. లోడు దొరికేదాకా డ్రైవర్లకి పని ఉండదు, డ్రైవర్లు ఖాళీగా ఉంటే నాకు పనుంటుంది. డ్రైవరు నిద్రపోతే తనంతట తానే ఘాటీ దిగి, వేపరాడ దగ్గర హారన్ కొట్టి అతన్ని టీకి లేపిన లారీ నాదే. అంటే నేను చెప్పినదే. ఒక్క వానకి మా ఆఫీసు గొడుగు కింద పదహారు లారీలు తడవకుండా నిలబడ్డాయని చెబితే, పదిహేడోది నాదే సార్, నేనే తడిసిపోయాను, అని ఒక డ్రైవరు ఒప్పుకున్నాడు కూడా.

అయితే నా కథల్లో జనానికి బాగా నచ్చినది మా ఆవిడ. సొరచేపని చెవి పట్టుకుని ఒడ్డుకి ఈడ్చిన ఆవిడ. (సొరకి చెవులెక్కడివి అని ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు.) తుపానుని, ముందు కాళ్ళు కడుక్కుని రమ్మని గుమ్మంలో నిలబెట్టేసిన ఆవిడ. నిజానికి ఆమె నెమ్మదైన మనిషి. నలుగురిలో నోరు విప్పదు. సాలూరులో కూరగాయలకి వెళితే, అమ్మా, తుపానుని తిట్టింది నువ్వేనా, అని అడిగేవాళ్ళు. నవ్వి ఊరుకునేది. ఆ ఊళ్ళో ఆమెను అందరూ ఎరుగుదురు. ఆమె మాట్లాడగా విన్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు.

సరే, పిటిషను నేనే రాశాను. పదకొండు పేజీలు వచ్చింది. మా పెళ్ళి రామతీర్థం కొండ మీద జరిగింది కాబట్టి విజయనగరం కోర్టులో వేసుకోవచ్చని ఎవరో చెప్పారు. కోర్టు గేటు పక్కన టైపు చేసే పెద్దాయనకి నా పదకొండు పేజీలూ ఇచ్చాను. ఆయన మూడో పేజీ దాకా చదివి కళ్ళజోడు తీశాడు. "బాబూ, ఇది కోర్టుకా, వారపత్రికకా?" అన్నాడు. తర్వాత తన దగ్గరున్న నమూనా తీసి, మా వివరాలు అందులో నింపి, రెండు పేజీల్లో ముగించాడు. మనస్పర్థల వల్ల ఏడాదిన్నరగా వేరుగా ఉంటున్నామనీ, కలిసి ఉండే అవకాశం లేదనీ, ఎవరి బలవంతమూ లేకుండా ఇద్దరం ఒప్పుకున్నామనీ. పదకొండు పేజీలూ ఒక్క మనస్పర్థలోకి దూరిపోయినందుకు నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

ఆమె టెక్కలి వైపు నుంచి బస్సులో వచ్చింది. టీ దుకాణం ముందు నిలబడి ఆ రెండు పేజీలూ నేనే చదివి వినిపించాను. మధ్యమధ్య అర్థం చెప్పాను. అర్థం చెబుతూ కొంచెం రుచి కూడా కలిపాను. ఆమె ఐదో తరగతి చదివింది, నిదానంగా అయినా చదువుకోగలదు. నాకది గుర్తు రాలేదు. నేను వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టింది.

వాయిదా రోజున పిలుపు మధ్యాహ్నానికి వచ్చింది. జడ్జిగారు ఆడమనిషి. నడివయసు, చాలా మెల్లగా మాట్లాడతారు. లాయరెవరూ లేరా అని అడిగారు. లేరండీ, మాకు గొడవేం లేదు, అన్నాను. ఆవిడ తలూపి మా ఆవిడ వైపు తిరిగారు.

"ఎప్పట్నుంచి వేరుగా ఉంటున్నారమ్మా?"

మా ఆవిడ చేతులు కట్టుకుని, బడిలో అప్పజెప్పినట్టు చెప్పింది. "ఇరవయ్యేళ్ళు దాటిపోనాదమ్మా."

జడ్జిగారు కాగితం చూశారు. "ఇందులో ఏడాదిన్నర అని ఉందే?"

"ఏడాదిన్నరేటి తల్లీ? మా అత్తోరి కాణ్ణుంచి ఏరడిపోయి సాలూరొచ్చీసినాం కదా. అప్పుడు మా మరిదికింకా పెళ్ళవనేదు."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. మా వైపు వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఏరడ్డం అంటే ఆలుమగలు విడిపోవడం కాదు. ఆలుమగలు కలిసి పెద్ద కుటుంబం నుంచి వేరు కాపురానికి వెళ్ళడం. అన్నదమ్ములు ఏరడతారు, అత్తాకోడళ్ళు ఏరడతారు. భార్యా భర్తా ఏరడ్డం అనే మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. జడ్జిగారు పుస్తకంలో మాట అడిగారు, ఆమె ఇంట్లో మాట చెప్పింది. విడిపోవడానికి వచ్చి, మేమిద్దరం జతగా బతకడం మొదలెట్టిన రోజు నుంచి లెక్క చెప్పింది.

అప్పుడు నేను చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం. లేదంటే, ఆమెకి ప్రశ్న అర్థం కాలేదండీ, అని ఒక్క ముక్క అనడం. కానీ నవ్వు వినబడింది కదా. నాకు నవ్వు వినబడితే లోడు దొరికినట్టే. ముందుకొచ్చి అందుకున్నాను. రామతీర్థం దగ్గర మా ఊళ్ళో మాది వ్యవసాయం ఇల్లనీ, ఈవిడ కోడలుగా వచ్చి నెత్తళ్ళ చేపలు వేపడం మొదలెడితే ఆ వాసనకి మా అమ్మ మంచం ఎత్తుకుని రెండిళ్ళ అవతల వేసుకుందనీ, సొరచేప వండిన రోజున నాలుగిళ్ళ అవతలికి వెళ్ళిందనీ, మేం ఏరడకపోయి ఉంటే మా అమ్మ మంచం ఈపాటికి బొబ్బిలి చేరి ఉండేదనీ చెప్పాను. హాలంతా నవ్వింది. బెంచీ గుమాస్తా కూడా నవ్వాడు.

జడ్జిగారు నవ్వలేదు. ఆవిడ మా ఆవిడనే చూస్తున్నారు. నేను కూడా అప్పుడు చూశాను. కాలి బొటనవేలితో నేల మీద ఏదో చెరిపేస్తున్నట్టు రుద్దుతోంది.

"ఈ పిటిషను ఎవరు రాశారమ్మా?"

"ఈయనే."

"నువ్వు చదివావా?"

"ఈయన సదివి ఇనిపించినాడు."

"ఇందులో ఏముందో నీ మాటల్లో చెప్పు."

ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. జడ్జిగారు చెయ్యెత్తి నన్ను ఆపేశారు. కోపంగా కాదు, బస్సుని ఆపినట్టు. ఇది ఇద్దరూ కలిసి వేసుకునే పిటిషను, నాకు ఒక్కరి గొంతే వినిపిస్తోంది, అన్నారు. తిరిగి మా ఆవిడతో, నీకు ఉచితంగా లాయరుని ఇస్తారు, ఆ లాయరుతో నువ్వొక్కదానివే మాట్లాడి రా, అప్పుడు చూద్దాం, అన్నారు.

మెట్లు గబగబా దిగేశాను. అవమానం వల్ల అనుకున్నాను. కాదు, భయం. నా కళ్ళముందు అప్ప వీపు కనబడుతోంది. కింద వేపచెట్టు దగ్గర ఆమెను ఆపేసి బతిమాలాను. లాయరొస్తే కాగితంలోకి ఏవేవో ఎక్కుతాయే, మనం మాట్లాడుకోలేని ముఖాలతో మిగిలిపోతామే, ఏడాదిన్నర అని ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి లాయరెందుకే, ఆ ముక్క నేను నేర్పిస్తాను కదా, అన్నాను.

ఆమె చేతిసంచి చెట్టు మొదట్లో దించింది. తర్వాత అంది.

"మా అయ్య మంచం మీద సచ్చిపోనాడు మావా. నా సెయ్యట్టుకుని."

నాకు అర్థం కాలేదు.

"నువ్వేమో పెద్దకర్మ రోజున పడవొకటి తెచ్చి నిలబెట్టీసినావు."

అప్పుడు అర్థమైంది. వాళ్ళ నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. సముద్రం మీద బతికిన మనిషి. ఆయన పోయినప్పుడు నేను సాలూరులో ఉన్నాను, పక్కన లేను. పెద్దకర్మ రోజున షామియానా కింద వందమంది కూర్చుని ఉంటే, అంత మంచి మనిషి జ్వరంతో మంచం మీద పోయాడంటే నాకే బాగోలేదు. అందుకని, ఆఖరి రోజు పొద్దున్న ఆయన పడవ తాడు తెంపుకుని, మనిషి లేకుండా, ఇంటికెదురుగా ఒడ్డుకి వచ్చి ఆగిందనీ, దాన్ని చూశాకే ఆయన కళ్ళు మూశాడనీ చెప్పాను. ముసలివాళ్ళు ఏడ్చారు. ఆయనకి నేను చేయగలిగిన మర్యాద అదేననుకున్నాను. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ చేరి, పడవ నిజంగా వచ్చిందా, నువ్వు చూశావా, అని అడిగారట. ఆమె తలూపిందట.

"ఇప్పుడు మా ఊర్లో అందరికీ ఆ పడవే తెలుసు" అంది. "నాకూ అంతే. కళ్ళు మూసుకుంటే అయ్య సెయ్యి రాదు, నీ పడవొస్తాది. నిన్ను తిట్టడం నేదు మావా. నువ్వు మంచికే సేసినావు. గానీ ఇది కూడా నువ్వే సెప్పీస్తే, నాకేటి మిగుల్తాది?"

చుట్టూ నల్లకోట్లు తిరుగుతున్నాయి.  సరే, లాయరుని చూద్దాం, అన్నాను. సూద్దుం కాదు, నేను సూస్తాను, అంది.

లాయరు చిన్నమ్మాయి, మా మేనకోడలి వయసుంటుంది. జెరాక్సు షాపు మీద గది. నేను కూడా పైకి వెళ్ళబోతే, మీరు కింద కూర్చోండి సార్, అంది. ఉమ్మడి పిటిషను కదమ్మా, అన్నాను. "పిటిషను ఇద్దరిదీ సార్. ముందు ఈవిడ చెప్పేది ఈవిడ చెప్పాలి. మీకు కావాలంటే మీరూ ఒక లాయరుని పెట్టుకోవచ్చు" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ప్రిస్క్రిప్షన్ చదివినట్టు చెప్పింది.

మెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాను. పైన కిటికీ తెరిచే ఉంది. ఆమె గొంతు వినబడుతోంది గానీ జెరాక్సు మిషను చప్పుడులో మాట తెలియడం లేదు. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. అరగంటయింది. గంటయింది. గొంతు ఆగలేదు. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వారు. మా ఆవిడ ఏకబిగిన గంటసేపు మాట్లాడగలదని నాకు తెలియదు. అది ఎలాంటి మాటో, ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఏమీ తెలియదు. ఇరవై రెండేళ్ళు పక్కనే కూర్చుని నేను వినని గొంతు అది. జెరాక్సు అతన్ని మిషను ఒక్క నిమిషం ఆపమని అడగాలనిపించింది. అడగలేదు. వినాల్సింది నేనైతే పైకే పిలిచేవారు కదా.

దిగి వచ్చాక లాయరమ్మ నాకొక కాగితం ఇచ్చింది. చదివి చెప్పండి, మీకు అభ్యంతరముంటే మారుద్దాం, అంది. రెండు పేజీలే. టైపు పెద్దాయన నమూనాకి పెద్ద తేడా లేదు. వేరుగా అనే చోటల్లా, భార్యాభర్తలుగా కాక ఎవరి ఇంట్లో వాళ్ళం, అని రాసి ఉంది. మనస్పర్థ అనే మాట మాత్రం ఎగిరిపోయింది. దాని చోట ఒక వాక్యం ఉంది. ఇలాంటి పిటిషన్లో కారణం రాయక్కర్లేదని తను చెప్పినా ఆవిడ ఉండాలన్నారు, అంది లాయరమ్మ.

"ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, నా మాట నేను చెప్పుకుని బతకాలని విడిగా ఉంటున్నాను."

చెంబు లేదు, తాగుడు లేదు, పడవ కూడా లేదు. లాయరొస్తే చెడ్డ మాటలన్నీ కాగితంలోకి ఎక్కుతాయని భయపడ్డానా, ఉన్న ఒక్క మాటనీ ఈ పిల్ల ఎంత జాగ్రత్తగా దింపిందో చూసి ఆ వాక్యం ఇంకోసారి చదివాను. మంచిగా విడిపోయేవాళ్ళకి లాయరెందుకు అని నన్ను ఇప్పటికీ ఎవరైనా అడుగుతారు. అందరి సంగతీ నాకు తెలియదు. ఇద్దరికీ కలిపి ఒకే నోరున్న ఇంట్లో మాత్రం అవసరమే అంటాను. కొట్లాడ్డానికి కాదు, రెండో మనిషికి గొంతు ఉందో లేదో చూడ్డానికి.

అభ్యంతరం లేదని సంతకం పెట్టాను. ఈసారి ఆమె తనే వేలు పెట్టి, ఒక్కొక్క ముక్కా పైకి చదువుకుని, ఆ తర్వాత సంతకం పెట్టింది. ఎంతసేపు పట్టినా ఎవరూ తొందరపెట్టలేదు.

బయటికొచ్చి అదే బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఈ ఒక్క వాక్యానికి గంటసేపు ఏం చెప్పావే, అన్నాను.

"మా అయ్య గురించి."

"లాయరమ్మకి మీ అయ్యతో ఏం పని?"

"పనేటీ నేదు. ఇంకేటైనా సెప్పాలా అనడిగినాది. సెప్పినాను."

నాకూ చెప్పవా, అన్నాను. ఆమె అనుమానంగా చూసింది. "మద్దిలో రాకూడదు" అంది. రాను, అన్నాను.

చెప్పింది. ఆ రోజు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆ మంచం దగ్గర ఏం జరిగిందో, ఆయన ఏమన్నాడో, తను ఏం చేసిందో. రెండుసార్లు నాకు నోటిదాకా వచ్చింది, ఇక్కడ ఇలా ఉంటే ఇంకా బాగుంటుందని. నాలుక కరుచుకున్నాను. కథలో సాగదీయడానికి ఏమీ లేదు. ఒక ముసలాయన, ఒక కూతురు, ఒక చెయ్యి. అంతకంటే ఇక్కడ రాయను. ఆ మాటలు ఆమెవి, నేను వాటిని విన్నాను, అంతే. పూర్తయ్యాక నేను ఏడుస్తుంటే తను ఏడవలేదు. చీరకొంగు ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చింది.

కొత్త పిటిషను వేసిన రోజుకీ, మళ్ళీ రమ్మన్న రోజుకీ మధ్య చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. లారీ ఆఫీసులో డ్రైవర్లు అడుగుతూనే ఉండేవాళ్ళు, మీ ఆవిడ ఈమధ్య ఎవర్ని నిలబెట్టీసింది సార్, అని. తెలీదు బాబూ, అనేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆమె గురించి నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో. సార్‌కి ఒంట్లో బాగోలేదని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అప్పుడప్పుడు ఆమె ఫోన్ చేసేది. వేట ఎలా ఉందో, ఎండ చాలక చేపలు ఎలా మెత్తబడ్డాయో చెప్పేది. నేను ఊఁ అనేవాణ్ణి. ఊఁ అనడం ఎంత కష్టమైన పనో నాకు ఆ ఆరు నెలల్లో తెలిసింది.

ఆఖరి వాయిదాకి ఆమె బూడిదరంగు చీర కట్టుకుని వచ్చింది. పక్కన లాయరమ్మ. జడ్జిగారు మమ్మల్ని గుర్తుపట్టారు.

"చెప్పమ్మా."

"భార్యాభర్తలుగా కాకండా, ఎవులింట్లో ఆలం ఉండబట్టి రెండేళ్ళు దాటినాది. నన్నెవులూ బలవంతం సెయ్యనేదు. నాకిష్టమయ్యే అడుగుతన్నాను." లాయరమ్మ వైపు ఒకసారి చూసింది. "ఆయన మంచోడే తల్లీ" అని కలిపింది. ఎవరూ నవ్వలేదు.

తర్వాత జడ్జిగారు నన్నడిగారు, ఏమైనా చెప్పాలా అని. "లేదండీ, ఆవిడ చెప్పింది నిజం" అన్నాను. ఐదు మాటల లోపే ముగించి నేనొక సభలో ఊరుకోవడం అదే మొదలు. పని పావుగంటలో అయిపోయింది.

అక్కడి నుంచి కాంప్లెక్సుకి నడిచే వెళ్ళాం. మా వైపు బస్టాండుని కాంప్లెక్సు అంటాం. ఆమె వెళ్ళాల్సింది టెక్కలి వైపు, నేను సాలూరు. రెండు బస్సులూ రాలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. నన్నేమని పిలవాలో ఆమెకి తోచనట్టుంది. రెండుసార్లు మా... అని ఆగిపోయి, "ఇదిగో, మంచినీళ్ళు తాగుతావా?" అంది. తాగాను.

మా పక్కనే జీడిపిక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చాలాసేపట్నుంచి మమ్మల్నే చూస్తోంది. ఇక ఉండలేక అడిగేసింది.

"ఏ ఊరెల్తన్నారమ్మా ఇద్దరూ?"

"ఆయనది సాలూరు బస్సు, నాది టెక్కలి బస్సు."

"అదేటి, ఆలుమగలు కారేటి?"

నా నోట్లోకి మూడు కథలు ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లో మేము సర్కసు వాళ్ళం. దేవుడి సాక్షిగా మూడూ బాగున్నాయి. నోరు మూసుకుని సాలూరు బోర్డు వైపు చూశాను.

"పొద్దున్నదాకా ఆలుమగలమే" అంది ఆమె. "ఇప్పుడు ఎరికైనోళ్ళం."

ముసలమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎన్నాళ్ళెరిక?"

ఆమె ఆలోచించింది. నిజంగానే లెక్కపెట్టుకుంటున్నట్టు.

"ఈమద్దినేనమ్మా. ఆరేడు నెలలవుతాది" అంది.

టెక్కలి బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు. నేను అటువైపు పరిగెత్తి, కిటికీలోంచి నా చేతిరుమాలు సీటు మీద పడేసి, ఎరికైన మనిషి కోసమండీ అని లోపలివాళ్ళకి చెప్పాను.